గాలి తగిలే ఎత్తు

మా ఇంట్లో మోటార్ సైకిల్ నా భార్యది. ఆమె నడిపేది, నేను వెనక కూర్చునేవాణ్ణి. బడిలో తోటి ఉపాధ్యాయులు దీని మీద చాలా హాస్యాలాడారు. కొత్తవి అయిపోయాక పాతవే మళ్ళీ మొదలుపెట్టారు. నాకు ఎప్పుడూ నామోషీ అనిపించలేదు. ఆమెకు బండి వచ్చు, నాకు రాదు. సెలవులు ఇవ్వగానే బండికి రెండు పక్కలా ఉన్న పెట్టెల్లో బట్టలు సర్దుకుని దూరాలు పోయేవాళ్ళం. ఆమె ముందు చూసేది, నేను పక్కలు చూసేవాణ్ణి. సాయంత్రం ఎక్కడో దిగి, చూసినవి ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం.

పోయిన ఏడాది ఆమె చనిపోయింది. మొదట తలనొప్పి అంది. ఎండ వల్ల అంది. డాక్టరు చూసి ఏమీ లేదని మాత్రలు రాశాడు. ఆయన ఏమీ లేదన్న రోజుకీ, తలలో ఉన్నదేమిటో మాకు తెలిసిన రోజుకీ మధ్య ఒక వానాకాలం గడిచిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

బండిని మా అమ్మాయి తీసుకుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో తన ఉద్యోగం. వచ్చినవాళ్ళ చూపు పరీక్షించి ఏ నంబరు అద్దాలు కావాలో చెబుతుంది. ఎత్తు నా పోలిక. మాటా, నడకా, కోపం వస్తే గిన్నెలు గట్టిగా పెట్టడం వాళ్ళమ్మ పోలిక. ఆదివారాలు మా మరదలితో కలిసి బండ్ల మీద పోవడం మొదలుపెట్టింది. మరదలంటే నా భార్య చెల్లెలు; పోస్టాఫీసులో పని చేస్తుంది, తనకు సొంత బండి ఉంది. గుడ్డ కప్పి ఉంచిన బండి పక్కనుంచి రోజూ బడికి వెళ్ళడం నాకు కష్టంగా ఉండేది. అమ్మాయి ఆ గుడ్డ తీసి మడతపెట్టిన రోజున కొంచెం ఊపిరి ఆడింది.

ఒక ఆదివారం వాళ్ళు తిరిగి వచ్చేసరికి నేను వరండాలో పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. మరదలు హెల్మెట్ తీసి, చెదిరిన జుట్టు ముడి వేసుకుంటూ దారిలో లారీవాడెవడో చేసిన నిర్వాకం చెబుతోంది. అమ్మాయి బండి దిగి మెట్ల మీదే కూర్చుండిపోయింది. చేతి తొడుగులు కూడా తీయలేదు.

"ఏమ్మా?" అన్నాను.

"ఏం లేదు నాన్నా. ఎండ."

నేను కలానికి మూత పెట్టేశాను. ఇంకా సగం కాగితాలు మిగిలే ఉన్నాయి.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అలాగే జరిగింది. రాగానే లోపలికి వెళ్ళి కర్టెన్ వేసుకుని పడుకునేది. సోమవారానికి సర్దుకునేది. నేను అడిగేవాణ్ణి కాదు, తను చెప్పేది కాదు. అన్నం దగ్గర బడి గురించి, దుకాణం గురించి మాత్రమే మాట్లాడుకునేవాళ్ళం.

చివరికి ఒకరోజు మరదలు వంటింట్లోకి వచ్చి నా చేతిలోంచి గరిటె తీసుకుంది.

"బావా, నీ కూతురికి బండెక్కితే చాలు తలనొప్పి వస్తోంది. దిగేసరికి కళ్ళు మసకలంట. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది."

"మరి చెబుతున్నావేం?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను." ఇంకేదో హాస్యం ఆడబోయి ఆగిపోయింది. కూరను అనవసరంగా కలుపుతూ, "నాకూ భయంగానే ఉంది బావా," అంది.

మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అమ్మాయి ఎదురు చెప్పలేదు, దానికే నాకు భయం పెరిగింది. యంత్రంలో పడుకోబెట్టి ఫొటోలు తీశారు. ఒకరికి ఇద్దరు డాక్టర్లు చూశారు. తల లోపల ఏ తేడా లేదన్నారు. కళ్ళు తన దుకాణంలోనే చూపించుకుంది. అక్కడా ఏ లోపమూ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తను కిటికీ పక్కన కూర్చుంది.

"ఏమీ లేదన్నారుగా. ఇంకేం కావాలి?" అన్నాను.

"అమ్మకి కూడా మొదట అదే అన్నారు నాన్నా."

వాళ్ళమ్మకు మొదట ఈ యంత్రం పరీక్ష చేయనేలేదని చెప్పాను. తను తలూపింది. నేను చెప్పింది నిజమే. తను నమ్మలేదన్నదీ నిజమే. వేరే ఇళ్ళలో 'ఏమీ లేదు' అన్నది మంచి కబురు కావచ్చు. మా ఇంట్లో ఆ మాటకు పలుకుబడి పోయింది. నొప్పి మాత్రం వస్తోంది కదా, దానికి ఏదో ఒక కారణం ఉండాలి. ఆ కారణం తల బయట ఉండాలి. బస్సు దిగేదాకా నేను కోరుకున్నది అంతే.

కారణం కనిపెట్టింది మరదలు. కనిపెట్టాననుకుంది, అనాలేమో. ఆ వారం మా వరండాలో అమ్మాయిని బండి మీద కూర్చోబెట్టి, చుట్టూ తిరిగి చూసి, ఒక్కసారి నుదురు కొట్టుకుంది.

"నా మతి మండా! ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను. బావా, ఈ విండ్‌షీల్డ్ ఎవరిది?"

"మీ అక్కది."

"అక్క ఎంతుండేది? నా భుజం దాకా! దీనికి ఇది ఎక్కడికొస్తోంది చూడు, మెడ దాకా. ముందు అద్దం మీంచి లేచిన గాలంతా తిన్నగా దీని మొహం మీదే విరుచుకుపడుతోంది. గంటల తరబడి ఎవరో తల పట్టుకుని ఊపుతుంటే నొప్పి రాక ఏమవుతుంది?"

అమ్మాయి మరదలి వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. పాస్ మార్కు దాటానో లేదో తెలియని పిల్లలు ఫలితాల బోర్డు దగ్గర అలా చూస్తారు.

"నిజమే అంటావా పిన్నీ?"

"కొత్తది వేయించి చూద్దాం. గాలి నెత్తి మీంచి పోవాలి, చూపు కూడా అద్దం లోంచి కాదు, అద్దం మీంచి పోవాలి. పై అంచు ముక్కు కొసకి ఎదురుగా వస్తే సరిపోతుంది. ఇంకా పైకి వస్తే వానలో చావే, తడి ప్లాస్టిక్ లోంచి రోడ్డు ఏం కనిపిస్తుంది?"

కొలత తీసే పని నేను తీసుకున్నాను. లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి మరదలు కూడా సరేనంది. బండిని మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి, పాత విండ్‌షీల్డ్ విప్పి, ఆ చోట ఒక అట్టముక్క నిలిపాం. అమ్మాయి జాకెట్టు, బూట్లు, హెల్మెట్ అన్నీ వేసుకుని హ్యాండిల్ పట్టుకుంది. నేను పక్కనుంచి స్కేలు పెట్టి ముక్కు కొసకి సమంగా అట్ట మీద గీత గీశాను. నమ్మకం చాలక రెండోసారి కొలిచాను. అంతే వచ్చింది. పాత విండ్‌షీల్డ్‌ను దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాను.

విండ్‌షీల్డ్‌లు కోసే మేస్త్రి ఊరి చివర ఉంటాడు. అందరూ అతణ్ణి గోరంత మేస్త్రి అంటారు. ఏం కోయమన్నా "ఇంకో గోరంత ఉంచుదామా?" అని అడగడం అతని అలవాటు. షాపు నిండా పారదర్శకమైన రేకులు గోడలకి ఆనించి ఉన్నాయి. వాటి వెనక మనిషి నిలబడితే ముక్కలు ముక్కలుగా కనిపిస్తాడు.

మా అట్ట చూసి పెదవి విరిచాడు. "ఇంతేనా మాస్టారూ? దూరాలు పోయే బండికి ఎంత ఎత్తుంటే అంత సుఖం. నెత్తి దాటించేస్తాను, గదిలో కూర్చున్నట్టు ఉంటుంది."

"వద్దు. గీత దగ్గరే కొయ్యి," అంది మరదలు.

"గోరంత ఉంచనా?"

"గోరు కూడా ఉంచకు."

అతను కోశాడు, వేడి గాలి పట్టి వంచాడు, అంచులు నున్నగా రుద్దాడు. పని శుభ్రంగానే చేశాడు. నేను స్కేలు తీసి నా గీతతో సరిచూసుకున్నాను. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

ఆ ఆదివారం వాళ్ళు బయల్దేరాక ఇల్లంతా ఊడ్చాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను. మధ్యాహ్నం దాటాక బండి చప్పుడు వినిపించి గేటు దగ్గరకు వెళ్ళాను. అమ్మాయి హెల్మెట్ తీయడానికి రెండు చేతులూ ఎత్తి, మధ్యలో ఆపి, కళ్ళు మూసుకుని నిలబడింది. మరదలు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

నొప్పి ఇంకా పెరిగింది. ఈసారి మెడ కూడా పట్టేసింది.

"అయితే షీల్డ్ కాదన్నమాట," అంది అమ్మాయి. గొంతు మామూలుగానే ఉంది. బండి తాళం తీసి మరదలి చేతిలో పెట్టింది. "నువ్వు తీసుకెళ్ళు పిన్నీ. ఇక్కడ ఉంటే నాన్నకి అడ్డం."

మరదలు ఆ తాళాన్ని మా గోడకున్న మేకుకే తగిలించి వెళ్ళిపోయింది.

ఆ వారం అమ్మాయి నాకు బట్టలు ఉతికే మిషన్ నేర్పింది. తెల్లవి వేరు, రంగువి వేరు, ఉన్నివి చల్లటి నీళ్ళలో. "ఇదంతా నాకెందుకు, నువ్వున్నావుగా?" అన్నాను. "తెలిసుంటే మంచిదిగా నాన్నా," అంది. గ్యాస్ అయిపోతే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పింది. వాళ్ళమ్మ కూడా చివర్లో ఇలాగే ఒక్కొక్కటీ నాకు అప్పజెప్పింది. నేను మిషన్ బొత్తాలు శ్రద్ధగా నేర్చుకున్నాను. నేర్చుకున్నానని తను మళ్ళీ మళ్ళీ నిర్ధారించుకుంది.

గురువారం బడిలో చిన్న పిల్లలకు చేతిపనుల క్లాసు. ఆ ఉపాధ్యాయురాలు సెలవు పెడితే నేను వెళ్ళాను. ఊలు ముక్కలు కర్రకు కట్టి గాలి ఎటు వీస్తోందో చూడటం ఆనాటి పని. కిటికీ దగ్గర నిలబెట్టిన కర్రకు ఊలు ఒకవైపు నిలకడగా ఊగుతోంది. పిల్లల్లో ఒకతి ఫ్యాను కింద పెట్టి చూసింది. అక్కడ ఊలు పిచ్చెక్కినట్టు గిరగిరా తిరిగింది. "మాస్టారూ, దీనికి ఎటు పోవాలో తెలీట్లేదు!" అని నవ్వింది.

నాకు బండి నడపడం రాదు. అయితే బండి నడిపేవాళ్ళ వెనక గాలి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అన్నేళ్ళు నేను ఉన్నది అక్కడే. నా భార్య వెనక గాలి రెండు భుజాల పక్కనుంచీ ఒకే తీరుగా, ఏటిపాయలా జరిగిపోయేది. అమ్మాయి వెనక ఎలా ఉందో చూసినవాళ్ళెవరూ లేరు. మరదలు పక్క బండి మీద ఉంటుంది. వెనక సీటు ఖాళీ. నా భార్య పోయాక నేను ఆ సీటు ఎక్కలేదు, ఎక్కమని ఎవరూ అనలేదు.

కొన్ని ఎర్ర ఊలు ముక్కలు అడిగి తెచ్చుకున్నాను.

"ఆదివారం నేనూ వస్తాను," అన్నాను అన్నం దగ్గర.

అమ్మాయి ముద్ద ఆపింది. "ఎక్కడికి?"

"బండి మీద. నీ వెనక."

"నాన్నా, నాకు మళ్ళీ ఆ నొప్పి..."

"ఒక్కసారి. తర్వాత బండి పిన్నికే ఇచ్చేద్దాం. నేనేమీ అనను."

ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని అమ్మాయి హెల్మెట్‌కి వెనకా పక్కలా ఊలు ముక్కలు కాగితపు టేపుతో అంటిస్తుంటే మరదలు వచ్చింది.

"ఏం చేస్తున్నావు బావా? హెల్మెట్‌కి జడ వేస్తున్నావా?"

"గాలి చూడటానికి."

"రిబ్బను కూడా కట్టు, ముద్దొస్తుంది." వంగి చూసి, నా ఉద్దేశం అర్థమై, నవ్వు ఆపింది. "ఇక్కడ ఇంకోటి అంటించు. చెవి దగ్గర," అంది మెల్లగా.

వెనక సీటు ఎక్కడం నేను అనుకున్నంత కష్టం కాలేదు. కాలు ఎత్తడం కష్టమైంది, అది వయసు. సీటు వెనకున్న కడ్డీని చేతులు వాటంతట అవే పట్టుకున్నాయి.

ఊళ్ళో ఉన్నంతసేపు ఊలు కదల్లేదు. పెద్ద రోడ్డెక్కి వేగం అందుకోగానే లేచింది. ముక్కలన్నీ ఒకేసారి గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. కొన్ని వెనక్కి పోవలసింది పోయి ముందుకు ఎగిరి హెల్మెట్‌కి కొట్టుకుంటున్నాయి. హెల్మెట్ మొత్తం సన్నగా అదురుతోంది. నేను చెయ్యెత్తి తన నెత్తి మీద అరచేతిని చాపాను. అక్కడా గాలికి దిక్కూ తెన్నూ లేదు. ఇంకా పైకి ఎత్తాను. అప్పుడు తగిలింది అసలు గాలి, నిలకడగా, ఒకే వైపుకి.

ఇంకొంత దూరం పోయాక మరొకటి గమనించాను. బయల్దేరినప్పుడు తన హెల్మెట్ నాకు ఎదురుగా గోడలా ఉండి రోడ్డు కనిపించలేదు. ఇప్పుడు దాని మీంచి రోడ్డు కనిపిస్తోంది. తను కిందికి జారింది. నడుము సడలింది, భుజాలు ముందుకు వంగాయి, తల మెడలోకి దిగింది. దూరం పోయే మనిషి ఎవరైనా అలాగే కూర్చుంటారు. పక్కకు వంగి చూశాను. విండ్‌షీల్డ్ పై అంచు తన ముక్కుకు ఎదురుగా లేదు. సరిగ్గా కళ్ళకు అడ్డంగా ఉంది. ఆ అంచు మీంచి చూడటానికి ఒకసారి మెడ సాచుతోంది, అలసిపోయి అంచు కిందినుంచి చూడటానికి మళ్ళీ దించుతోంది. ప్రహరీ గోడ మీంచి తొంగి చూసే పొట్టి మనిషిలా, సాచడం, దించడం, సాచడం, దించడం.

భుజం తట్టి ఆపమన్నాను.

పెట్రోలు బంకు పక్కన హోటలు ముందు బండ్లు ఆపాం. తను హెల్మెట్ తీసేలోపు, "తీయకు. మళ్ళీ బండెక్కు," అన్నాను. మరదలు కూడా దిగి వచ్చింది.

అమ్మాయి ఎక్కి హ్యాండిల్ పట్టుకుంది. నిటారుగా, దూలానికి నిలబెట్టిన స్తంభంలా.

"అలా కాదు. ఇందాక రోడ్డు మీద ఎలా కూర్చున్నావో అలా."

"ఇలాగే కూర్చున్నా."

"లేదు. వంగి కూర్చున్నావు."

వంగబోయింది. నేను చూస్తున్నానని తల తిప్పి చూసి, మళ్ళీ నిటారుగా అయిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. నా కళ్ళు తన వీపు మీద పడగానే వెన్ను దానంతటదే లేచి నిలబడింది.

మరదలు మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక బండి పట్టుకుని వంగి వంగి నవ్వింది.

"బావా! ఆ రోజు కొలిచేటప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"'నిటారుగా కూర్చో' అన్నావు! నీ క్లాసులో అన్నట్టే! ఇది చిన్నప్పటినుంచి నీ బెంచీ మీద కూర్చుని చదివిన పిల్ల. నువ్వు ఎదురుగా ఉంటే చచ్చినా వంగదు. నువ్వు కొలిచింది నీ విద్యార్థినిని బావా, బండి నడిపేదాన్ని కాదు!"

నేను అన్నానా అని ఆలోచించాను. అనే ఉంటాను. ఎవరైనా నా ముందు కూర్చుంటే నేను అనే మొదటి మాట అదే. అంటున్నానని నాకే తెలియదు.

"ముందు నువ్వు అటు పో. అదిగో, ఆ గాలి పంపు దగ్గరికి పో. ఇటు తిరక్కు," అంది మరదలు.

వెళ్ళాను. ఒక లారీ టైర్లకు గాలి పడుతుంటే అటే చూస్తూ నిలబడ్డాను. నా వెనక అమ్మాయి గొంతు: "పిన్నీ, నాన్న చూస్తున్నాడా?" "లేదులే, నువ్వు గూని వెయ్యి." "ఇంతా?" "ఇంకా. ఇందాక రోడ్డు మీద లారీ వెనక విసుగ్గా కూర్చున్నావు చూడు, అలా. హాఁ, అదీ!" కాగితపు టేపు చింపిన చప్పుడు వినిపించింది.

పిలిచాక వెళ్ళి చూశాను. నా కొలతకు బాగా కిందుగా, నాలుగు వేళ్ళ కింద, వంగిన తన ముక్కు కొసకి ఎదురుగా, విండ్‌షీల్డ్‌కి అడ్డంగా టేపు ఉంది.

ముప్పై ఏళ్ళుగా పిల్లల లెక్కల్లో తప్పులు చూపిస్తున్నాను. నా లెక్కలో తప్పు దొరికినందుకు ఇంత సంతోషం కలగడం ఎన్నడూ ఎరగను. అమ్మాయి హెల్మెట్ తీసి, నొప్పితో కళ్ళు చిట్లించుకుంటూనే నా వైపు చూసింది.

"అంటే నాన్నా, కొత్తది వేశాక కూడా తగ్గనిది నువ్వు తప్పు కొలవడం వల్లా?"

"అలాగే ఉంది."

"ఖాయమా?"

"ఇంకా కాదు. కోయించి చూడాలి," అన్నాను. ఖాయమని అనెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. తేలని విషయాన్ని తేలిందని చెప్పడం ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తెలుసు కనక ఆగాను.

గోరంత మేస్త్రి టేపు చూసి చేతులు తిప్పాడు. "నేనేమో పెంచమంటాను, మీరేమో తెంచమంటారు. కోసింది మళ్ళీ అతకదు మాస్టారూ, ఆలోచించుకోండి. పోనీ గోరంత..."

"కోసెయ్యి," అంది ఈసారి అమ్మాయే.

మరుసటి ఆదివారం మళ్ళీ ముగ్గురం బయల్దేరాం. ఊలు మార్చి కొత్తది అంటించాను. మరదలు ఈసారి జడ మాట ఎత్తలేదు.

పెద్ద రోడ్డు ఎక్కాం. వేగం పెరిగింది. ఊలు లేచింది, ఒకసారి అటూ ఇటూ కొట్టుకుంది. నా చేతులు కడ్డీ మీద బిగుసుకున్నాయి. ఆ తర్వాత అన్ని ముక్కలూ నా వైపుకి తిరిగి, దువ్వినట్టు, వరుసగా వెనక్కి వాలిపోయాయి. చెవి దగ్గరి ముక్క కూడా. నేను నమ్మలేదు. అరచెయ్యి తన నెత్తి మీద పెట్టి చూశాను. నిలకడైన గాలి, నెత్తిని రాసుకుంటూ పోతోంది. ఎదురుగాలి ఉన్న వంతెన మీద కూడా ఊలు చెదరలేదు. లారీని దాటేటప్పుడు మాత్రం చిందరవందర అయి, దాటగానే మళ్ళీ సర్దుకుంది.

పోను పోను తను జారి కూర్చుంది. నడుము సడలింది, భుజాలు వంగాయి. నిటారుగా కూర్చోమన్న మాట నోటిదాకా వచ్చి, హెల్మెట్ లోపలే ఆగిపోయింది. తన తల కదలడం లేదు. సాచడం లేదు, దించడం లేదు. మలుపు వస్తే అటు తిరుగుతోంది, అంతే. చాలా రోజుల తర్వాత నేను పక్కలు చూడటం మొదలుపెట్టాను. ఒక చేలో మనుషులు ఏవో మొలకలు నాటుతున్నారు. ఒక ఇంటి మీద కొత్త రేకులు ఎండకు మెరుస్తున్నాయి. ఇవి సాయంత్రం ఎవరికో చెప్పాలనిపించింది. చెప్పవలసిన మనిషి లేదని వెంటనే గుర్తొచ్చింది. అయినా చూశాను.

ఆపమని నేను తట్టలేదు. మామూలుగా ఆగే చోటు కూడా దాటిపోయి, మరదలు హారను కొట్టి చెయ్యి ఊపితే గానీ తను ఆపలేదు. అక్కడ ఒక చిన్న హోటలు, బయట రేకుల పందిరి కింద బల్లలు.

అమ్మాయి దిగింది. తొడుగులు తీసి ట్యాంకు మీద పడేసింది. హెల్మెట్ తీసి జుట్టు విదిలించింది. గబగబా ఒక బల్ల దగ్గరకు నడిచి, "పిన్నీ, ఇక్కడ తినడానికేముందో అడుగు, ఆకలికి ప్రాణం పోతోంది," అంది. గోడ మీద రాసిన ధరల పట్టీ దూరంనుంచే పైకి చదవడం మొదలుపెట్టింది.

మరదలు కదలకుండా నా వైపు చూసింది. నేను అడగాలి.

"తల ఎలా ఉందమ్మా?" అన్నాను.

"తలా?" అంది. ఒక్క క్షణం నేను దేని గురించి అడుగుతున్నానో తనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ధరల పట్టీ చదవడం ఆపేసింది. తల మెల్లగా అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంది. "నాన్నా, దాని సంగతే మర్చిపోయాను."

మరదలు కుర్చీలో కూలబడి, "అమ్మయ్య," అంది. ఆ తర్వాత హోటలు వాడి మీద కేకలేసింది, ఉన్నవన్నీ తెమ్మని, తొందరగా తెమ్మని, ఈ పిల్ల ఆకలికి బల్ల తినేసేలా ఉందని.

నేను చేతులు కడుక్కోవడానికి హోటలు పక్కకి వెళ్ళాను. అక్కడ గోడకు ఒక కుళాయి ఉంది. చేతులు కడుక్కున్నాను. మొహం కడుక్కున్నాను. మళ్ళీ చేతులు కడుక్కున్నాను. ఎంతసేపున్నానో తెలియదు. అటువైపునుంచి వాళ్ళిద్దరి మాటలు వినిపిస్తున్నాయి. ఇక్కడినుంచి ఎంత దూరం పోవచ్చో, చీకటి పడకుండా తిరిగి రావచ్చో లేదో వాదించుకుంటున్నారు.

"బావా," మరదలు పిలిచింది. "వాళ్ళ ట్యాంకులో నీళ్ళు మిగల్చవా ఏంటి? వచ్చి తిను. ఇది ఇంకా ముందుకి పోదామంటోంది."

కుళాయి కట్టేసి వెళ్ళాను.